రెండోసారి పాడిన పద్యం

లోకనాథం గారి బుర్ర ఆయన దగ్గర లేదు. ఈ మాట ఆయన భార్య సూరీడమ్మ పెళ్ళైన కొత్తలోనే అన్నదట గానీ, అప్పుడది తిట్టు. ఇప్పుడు నిజం. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న కొండమీద స్మృతి కేంద్రమని ఒక తెల్ల భవనం ఉంది. అందులో బాగా చల్లగా ఉంచిన గదిలో రెండు పెట్టెలున్నాయి. ఆయన జ్ఞాపకాలన్నీ వాటిలో ఉంటాయి.

ఐదేళ్ళ కిందట ఆయనకి మెదడువాపు జ్వరం వచ్చింది. వచ్చింది వచ్చినట్టు పోక, జ్ఞాపకాలు దాచుకునే చోటుని పాడుచేసి మరీ పోయింది. అంతా చెరిగిపోకముందే కేంద్రం వాళ్ళు ఉన్నదంతా తోడి పెట్టెకెత్తారు. చెవి వెనక చర్మం కింద చిన్న బిళ్ళ అమర్చారు. అప్పట్నుంచి ఆయన చూసిందీ విన్నదీ ఆ బిళ్ళలోంచి కొండమీదికి పోతుంది, గుర్తు చేసుకున్నది కొండమీంచి దిగి వస్తుంది. రెప్పపాటు కూడా పట్టదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి తేడా తెలియదు.

ఆ పెట్టెల్ని చూసుకునే ఇంజినీరు ఎవరో కాదు, ఆయన కూతురు హైమవతే. పెట్టెలకి ఇంగ్లీషులో ఏవో నంబర్లున్నా అవి పలకడానికి ఆవిడకి నోరు తిరిగేది కాదు. అసలు పెట్టెకి కథకుడని, రెండోదానికి వంత అని పేర్లు పెట్టింది. బుర్రకథలో కథకుడు ఒక చరణం అంటే పక్కనున్న వంతగాడు అదే చరణం అందుకుంటాడు కదా, ఇదీ అంతే. కథకుడు రాసుకున్న ప్రతిదీ వంత కూడా వెంటనే రాసుకుంటుంది. ఒకదానికి జబ్బు చేస్తే రెండోది ఉంటుందని ఆ ఏర్పాటు.

ఆ ఏడాది పెట్టెల కంపెనీ వాళ్ళు ఒక మాట చెప్పారు. లోపల నడుస్తున్న వెర్షన్ పాతబడిపోయింది, వానాకాలం దాటాక దానికి ఏం రోగమొచ్చినా మాకు సంబంధం లేదు, కొత్త వెర్షన్‌కి మారండి అని. మారక తప్పదు. ఆ సంగతి హైమవతి ఇంట్లో చెప్పేసరికి సూరీడమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

“మారుస్తారంటే, మీ నాన్నని ఆపేస్తారేటే?”

“ఆపరమ్మా. ఆపకూడదనే కదా రెండు పెట్టెలు పెట్టింది.”

“ఆపితే మాత్రమేటి?” అన్నాడు లోకనాథం, హార్మోనియం మీద దుమ్ము తుడుస్తూ. “కరెంటు పోయి ఆగిన నాటకాలు ఎన్ని లేవు? మళ్ళీ మొదలెట్టలేదా?”

ఆయన నలభై ఏళ్ళు పద్యనాటకాల్లో రాజు వేషం కట్టిన మనిషి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆయన గొంతు ఎరగని ఊరు లేదు. అందుకని హైమవతి ఆయనకి తెలిసిన దారిలోనే చెప్పింది.

“మీ నాటకంలో రాజు వేషం ఒక్కరే కట్టేవారా నాన్నా?”

“ఒక్కడి గొంతు ఆగుతాదేటి తెల్లారిందాకా! అడవి సీను వరకూ మొదటి రాజు. ఆ తరవాత రెండో రాజు.”

“ఇదీ అంతే. ముందు వంతకి కొత్త వెర్షన్ వేస్తాం. అది వేషం కట్టుకుంటున్నంతసేపూ కథకుడే మీకు పనిచేస్తాడు. వంత తయారై, వెనకబడిందంతా అందుకున్నాక, మీరు ఊపిరి తీసుకునే సందులో దాన్ని స్టేజీ ఎక్కిస్తాం. అప్పుడు కథకుణ్ణి తీరిగ్గా మారుస్తాం.”

లోకనాథానికి ఇది భలే నచ్చింది. “జనానికి తెలీకుండా మారాలి. శ్రుతి తగ్గకూడదు. అంతే కదా?” అని, ఆ సాయంత్రం వచ్చినవాళ్ళందరికీ తన బుర్రలోకి రెండో రాజు వస్తున్నాడని చెప్పుకున్నాడు.

కొండమీద పని మొదలైంది. వంతకి కొత్త వెర్షన్ వేశారు. అది పాత జ్ఞాపకాలన్నిటినీ మొదట్నుంచీ తన పద్ధతిలో తిరిగి రాసుకోవాలి. కాసేపు చకచకా రాసుకుని టక్కున ఆగిపోయింది. తెరమీద ఎర్రగా ఒక ముక్క కనపడింది. ‘ఇది ముందే ఉంది.’ హైమవతి దాన్ని దాటించింది. నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది. మళ్ళీ అదే ముక్క.

కొత్త వెర్షన్‌లో కంపెనీ వాళ్ళు గొప్పగా చెప్పుకునే సంగతి అదే. లైను తడబడినప్పుడు ఒకే జ్ఞాపకం రెండుసార్లు వచ్చి పడుతుంటుంది. పాత వెర్షన్ మారుమాట లేకుండా రెండూ దాచుకునేది. కొత్తది చోటు, మనుషులు, చప్పుడు, రుచి, మనసులో మాట అన్నీ పోల్చి చూస్తుంది, సరిపోతే రెండోదాన్ని రానివ్వదు. లైను తడబడితే టైము ఎలాగూ అటూ ఇటూ అవుతుంది కనక, టైముని మాత్రం లెక్కలోకి తీసుకోదు.

కేంద్రం పెద్ద డాక్టర్ పరాంకుశం గారు వెనక నిలబడి చూశారు. “లైను తడబడిన సరుకేనమ్మా. దాటెయ్.”

“చాలా ఉన్నాయి సార్. అడుగడుక్కీ ఆగుతోంది.”

“అయితే ఒక్కొక్కటీ ఎందుకూ? ముందే ఉన్నదొస్తే ఆగకుండా దాటిపొమ్మని రూలు పెట్టెయ్. అడ్డొచ్చినవాటిని ఇన్నేళ్ళుగా అలాగే దాటిస్తున్నాం, ఏ వెర్షన్‌లోనైనా ఎవరికైనా ఏమైనా అయిందా?”

కాలేదు. లోపల ఏముందో తెరిచి చూద్దామంటే వీల్లేదు. ఎవరి జ్ఞాపకాన్ని వాళ్ళే చూసుకోవాలి, కూతురైనా సరే చూడకూడదు. ఇటు చూస్తే వంత వెనకబడిపోతోంది. హైమవతి రూలు పెట్టేసింది. ఇక వంత ఎక్కడా ఆగలేదు, పరుగున పోయి కథకుణ్ణి అందుకుంది. చివర రాసింది రెండు పెట్టెల్లోనూ ఒకటేనా అని చూశారు. ఒకటే. హమ్మయ్య అనుకున్నారు.

మార్చిన పొద్దుట హైమవతి ఇంట్లోనే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. కొండమీద పరాంకుశం గారు ఫోనులో ఉన్నారు. లోకనాథం ఆలాపన ఎత్తుకుని, పైషడ్జం దాకా వెళ్ళి, దిగి, ఊపిరి కోసం ఆగాడు. హైమవతి మీట నొక్కింది. ఆయన కళ్ళు ఒకసారి మూసి తెరిచి, వదిలిన చోటే మళ్ళీ ఎత్తుకున్నాడు. శ్రుతి ఇసుమంత తగ్గలేదు.

“అయిపోయింది నాన్నా!”

“అయిపోనాదా? నాకేటీ తెలీలేదే!” అన్నాడాయన. కొండమీద అందరూ మిఠాయి పంచుకున్నారు. అయినా రెండోది కుదురుకుందని తేలేదాకా మొదటిదాన్ని ముట్టుకోకూడదన్నది ఆ పనిలో పాత ఆచారం. కథకుణ్ణి అలాగే కదపకుండా ఉంచారు. అదే వాళ్ళు చేసిన మంచి పని.

మర్నాడు సూరీడమ్మ కాఫీ ఇస్తే లోకనాథం రెండు చేతులా అందుకున్నాడు. “చాలా బాగుందండీ” అన్నాడు.

సూరీడమ్మకి నవ్వాగలేదు. “ఏటి, ఇయ్యాళ వేషం కట్టేరేటి?”

“లేదండీ. నిజంగానే బాగుంది. మీకు శ్రమ ఇచ్చేను.”

పంచదార తక్కువైందని రోజూ మొహం ముడిచే మనిషి. ఆవిడ ముందు మురిసిపోయింది. ఇన్నాళ్ళకి మా ఆయనకి బుద్ధొచ్చిందని పక్కింట్లో చెప్పుకుంది. కానీ ఆయన తన తువ్వాలు తనే మడతపెట్టుకోవడం, వంటింట్లోకి రావచ్చా అని గుమ్మంలో నిలబడి అడగడం, ఆవిడ మంచం చివర కూర్చుంటే తను లేచి నిలబడడం, ఇవన్నీ చూసేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది.

“మీ నాన్న నన్నెరుగును. పెళ్ళాన్నని ఎరుగును. పెళ్ళి కబుర్లు అడిగితే గడగడా సెప్తన్నారు. గానీ కొత్తల్లుడిలాగ ఉన్నారే” అంది కూతురితో.

హైమవతి, కొత్త వెర్షన్ కదమ్మా, కుదురుకోవాలి అంది. తనకి తనే చెప్పుకుంటున్నట్టు రెండుసార్లు అంది.

ఒకనాడు సాయంత్రం ఇద్దరూ అరుగుమీద కూర్చున్నారు. హైమవతి లోపల పాలు కాస్తోంది. లోకనాథం మెల్లగా అడిగాడు. “ఒక మాటడగొచ్చా అండీ? నేను నాటకాలకెళ్ళిన రాత్రుళ్ళు మీరేం చేసేవారు?”

 సూరీడమ్మ చెప్పేది లోపలికి వినపడింది. తలుపుకి గడియ వేసి, రోకలి అడ్డం పెట్టి, కత్తిపీట పక్కన పెట్టుకుని పడుకునేదట. హైమకి ఉబ్బసం వచ్చిన రాత్రి వానలో భుజాన వేసుకుని కాంపౌండరు ఇంటికి నడిచిందట. ఆఖరి బస్సు చప్పుడు పోయేదాకా, ఈ బస్సులో వచ్చేస్తారేమో అని మెలకువగా ఉండేదట. భయం వేసినప్పుడు, ఆయన ఇంట్లో సాధన చేసిన పద్యాలన్నీ లోగొంతుకలో పాడుకునేదట. లోకనాథం ఒక్క మాట అడ్డురాకుండా విన్నాడు. “నేనెప్పుడూ అడగలేదా?” అన్నాడు చివరికి. “లేదు” అంది ఆవిడ. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాక గానీ హైమవతికి స్పృహ రాలేదు. ఇవేవీ తనకీ తెలియవు, తనూ ఎన్నడూ అడగలేదు.

ఆ రెండు మూడు రోజులూ సూరీడమ్మ మొహం వెలిగిపోయింది. జడ కాస్త జాగ్రత్తగా వేసుకుంది. ఇద్దరూ కలిసి బీచికెళ్ళారు. ఆ ఇంట్లో ఎన్నడూ లేని విడ్డూరం అది.

తర్వాత ఒక పొద్దుట లోకనాథం కూతుర్ని పక్కకి పిలిచాడు. ఆయన మొహం వాడిపోయి ఉంది.

“అమ్మా, నన్నొక బాధ తినేస్తోంది. అడవి సీనులో నా పద్యానికి జనం వన్స్‌మోర్ అనేవారు కదా? ఎన్ని ఊళ్ళలో అన్నారో అన్నీ గుర్తొస్తన్నాయి. ఈలలు, చప్పట్లు, వన్స్‌మోర్ అని కేకలు. గానీ నేను మళ్ళీ పాడినట్టు ఒక్క ఊళ్ళోనూ గుర్తు లేదు. జనం అడిగితే పాడకుండా లోపలికెళ్ళిపోయేనా? అంత పొగరా నాకు?”

హైమవతికి అప్పుడు వెలిగింది. పద్యనాటకం చూసిన ఎవరినడిగినా చెబుతారు, వన్స్‌మోర్ అంటే రాజు చచ్చిపోతున్నా సరే లేచి అదే చోట నిలబడి, అదే పద్యం, అదే రాగంలో, మొదటిసారి పాడినట్టే మళ్ళీ పాడాల్సిందే. కొత్త వెర్షన్ కళ్ళకి అది లైను తడబాటు. ముందే ఉంది.

“నాన్నా, అమ్మ మీకు ఎన్నిసార్లు కాఫీ ఇచ్చింది?”

ఆయన ఆలోచించాడు. “ఒకసారి ఇచ్చింది. మీ అప్‌గ్రేడ్ అయ్యేక ఇంకోసారి ఇచ్చింది. పాపం, మంచావిడ.”

హైమవతి కొండమీదికి పరుగెత్తింది. జ్ఞాపకాలు తెరవకుండానే రెండు పెట్టెల లెక్కల్నీ మొత్తం పోల్చి చూసింది. కథకుడిలో ఉన్నదాంట్లో సగం కూడా వంతలో లేదు. అదే వాకిలి, అదే గ్లాసు, అదే మనిషి, అదే విసుగు. నలభై ఏళ్ళ కాపురాన్ని వంత ఒక్కసారి రాసుకుని, మిగతాదంతా దాటి పోయింది. దాటమని చెప్పింది తనే.

పరాంకుశం గారు విని కుర్చీలో కూలబడ్డారు. “తప్పు నాదమ్మా. దాటెయ్యమన్నది నేను.”

“మీట నొక్కింది నేను సార్. వెనక్కి తిప్పొచ్చా?”

తిప్పొచ్చు. కథకుడు చెక్కుచెదరకుండా ఉన్నాడు. కానీ మార్చిన పొద్దుట్నుంచీ ఈ వారం పది రోజుల జ్ఞాపకాలూ కొత్త వెర్షన్‌లోనే రాసినవి. కొత్త రాత పాతదానికి చదవడం రాదు. పోనీ ఎలాగోలా ఇందులోంచి అందులోకి అతికిద్దామంటే, ఈ పది రోజులూ బతికింది పెళ్ళాన్ని కొత్తగా చూసే మనిషి. ఆ జ్ఞాపకాల్ని నలభై ఏళ్ళ మొగుడి తలకి అతికిస్తే సూరీడమ్మ ఒక్కతే ఇద్దరైపోతుంది, ఆయనకి మతి పోతుంది. ఏదో ఒకటి వదులుకోవాలి.

లోకనాథం అంతా విన్నాడు. “అంటే ఈ పది రోజులవాణ్ణి పోతానన్నమాట.”

“మీరెక్కడికి పోతారు నాన్నా, మీరు మీరే” అంటూ హైమవతి ఏడ్చేసింది.

“ఏడవకు. జనం అడిగితే పాడేనని తెలిస్తే నాకు చాలు. గానీ నా మాటతో పని లేదు. ఆవిణ్ణి అడుగు. వాళ్ళాయన ఎవరో ఆవిడే చెప్పాలి.”

సూరీడమ్మకి మొదట కోపం వచ్చింది. “మొగుణ్ణి ఏరుకోమంటన్నావేటే? బజార్లో వంకాయలా?” అని చీపురు విసిరికొట్టింది. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే కూతురు పక్కన వచ్చి కూర్చుంది.

“పాతాయన్నే తెచ్చీ.”

“బాగా ఆలోచించుకున్నావా అమ్మా? ఈయన నిన్ను ఎంత బాగా చూస్తున్నారు!”

“దేవుడులాంటోడే, కాదనను. నానేటన్నా కోప్పడితే సేతులు కట్టుకుని నిలబడిపోతాడు. నా కోపం ఎక్కడ మొదలైందో పాపం ఆ మనిషికి తెల్దు. మీ నాన్నతో నాకు నలభయ్యేళ్ళ దెబ్బలాట సగంలో ఉంది. దాన్ని ఈయనతో ఎలాగ పూర్తి సేసుకోను?”

“ఆ రాత్రుళ్ళ సంగతి నువ్వు చెప్పావు కదమ్మా. అది మళ్ళీ ఆయనకి గుర్తుండదు.”

సూరీడమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నాకుంటాది కదే” అంది.

ఆ సాయంత్రం ఇద్దరూ మళ్ళీ బీచికెళ్ళారు. అక్కడేం మాట్లాడుకున్నారో హైమవతి అడగలేదు. తిరిగొచ్చాక లోకనాథం సూరీడమ్మకి దణ్ణం పెట్టాడు. ఆవిడ వద్దంటూ ఆ చేతులు పట్టుకుంది. తెల్లారి హైమవతి కథకుణ్ణి స్టేజీ ఎక్కించింది. లోకనాథం కళ్ళు మూసి తెరిచాడు.

“ఒలే, అలాగ గుడ్లప్పగించి సూస్తావేటే? ఆలాపన సగంలో ఉంటే ఎదురుగా వచ్చి నిలబడతావా?”

సూరీడమ్మ నవ్వింది, ఏడ్చింది, వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా చప్పుడు చేసింది. వానలు తగ్గకముందే హైమవతి ఆ పోల్చే రూలు తీసేయించి, ఎక్కడా ఏదీ దాటకుండా, రెండు పెట్టెల్నీ కొత్త వెర్షన్‌కి మార్చింది. ఈసారి మొదట్నుంచి చివరిదాకా పోల్చి చూసుకుంది. ఒక్క వన్స్‌మోర్ కూడా తగ్గలేదు.

కానీ తన జీవితంలో వారం పది రోజులు లేవన్న సంగతి లోకనాథాన్ని ఊరుకోనివ్వలేదు. స్టేజీమీద తన వేషం ఇంకొకడు కట్టేశాడన్నంత ఉక్రోషం. “ఏటి సేసేనే ఆ పది రోజులు?” అని పెళ్ళాన్ని పీక్కుతిన్నాడు.

“ఏటీ లేదు. నన్నొక మాటడిగేరు.”

“ఏటడిగేను?”

“సెప్పను. మళ్ళీ మీరే అడగండి.”

ఆ రోజుతో మొదలైంది. లోకనాథం రోజూ ఒక ప్రశ్న కనిపెట్టి తెచ్చేవాడు. నీకు ఏ కూర ఇష్టమే అని అడిగాడు. పుట్టింట్లో నిన్నేమని పిలిచేవారు అన్నాడు. నన్ను పెళ్ళిచూపుల్లో చూసినప్పుడు ఏమనుకున్నావు అన్నాడు. సూరీడమ్మ ప్రతిదానికీ నిదానంగా, పూర్తిగా జవాబు చెప్పి, చివర “ఇది కాదు” అనేది. ఆయన విసుక్కుంటూ లేచిపోయి, మర్నాడు ఇంకో ప్రశ్నతో వచ్చి అరుగుమీద కూర్చునేవాడు.

దీపావళి దాటాక ఒకరోజు హైమవతి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. లోపల్నుంచి తండ్రి గొంతు వినపడింది.

“నాను నాటకాలకెళ్ళిన రాత్రుళ్ళు నువ్వేటి సేసేదానివే?”

హైమవతి చెప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సూరీడమ్మ మొదలుపెట్టింది. గడియ, రోకలి, వానలో కాంపౌండరు ఇల్లు, ఆఖరి బస్సు, అన్నీ చెప్పింది. అప్పుడు చెప్పనివి కూడా చెప్పింది. ఒకసారి బస్సు దిగుతున్నది ఆయనే అనుకుని, వీధి చివరిదాకా ఎదురెళ్ళి ఒక్కతే తిరిగొచ్చిందట. లోకనాథం మధ్యలో అడ్డురాబోయి, ఆగి, తలొంచుకుని విన్నాడు. ఆయన చెయ్యి మెల్లగా వచ్చి ఆవిడ చేతిమీద పడింది.

“ఇదే కదే నానడిగింది?” అన్నాడు.

సూరీడమ్మ కళ్ళు తుడుచుకుంది. “కాదు” అంది. “ఇంకోటడిగేరు. రేపు ఆలోసించుకుని రండి.”